ఎండపెట్టె ఏజెంటు

మెదక్ చౌరస్తాలో బిక్షపతికి గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. ఉండేది అంటే కొట్టు ఇప్పటికీ ఉంది, గడియారాలే రావడం మానేశాయి. దేశం తలుపులు తెరిచాక చెడితే పారేసే చౌక వాచీలు దిగాయి, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. చివరికి టైము అడగడానికి కూడా ఎవరూ ఆ మెట్లెక్కడం లేదు.

అలాంటి రోజుల్లో, హైదరాబాదులో ఒక యూనివర్సిటీ ల్యాబు ఎండతో వండే పెట్టె తయారుచేసిందనీ, దాన్ని అమ్మబోయే కంపెనీకి మెదక్‌లో డీలరు కావాలనీ అతని చెవిన పడింది. నల్లటి పెట్టె, పైన అద్దం మూత. కట్టెలక్కర్లేదు, పొగ రాదు. కంపెనీ మనిషి అమరేందర్ ఒక్కటే షరతు పెట్టాడు: "నలుగురి ముందు వండి చూపించండి. మెచ్చుకుంటే డీలర్‌షిప్ మీదే."

నలుగురి కోసం బిక్షపతి వెతుక్కోలేదు. తెలంగాణ కోసం జనం రోడ్డెక్కిన కాలమది. ఆ ఆదివారం చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి అక్కడే తినే నిరసన. వంటొచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కచోట, నెత్తిన మంచి ఎండ. ఇంతకన్నా సంత ఏముంటుంది? పొద్దున్నే ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో కందిపప్పు పెట్టి, పెట్టెను పొయ్యిల పక్కన దించాడు. దాన్ని కనిపెట్టిన సుమన మేడం కూడా వచ్చి, మూసిన దుకాణం అరుగు మీద కూర్చుంది.

ఆ పెట్టెకు ఒకటే పథ్యం. మధ్యలో మూత తీయకూడదు, తీస్తే లోపలి వేడంతా పోతుంది. ఈ ముక్క అందరికీ చెప్పాడు. వీధిలో అందరికంటే ముందు మాట అందుకునే దుర్గమ్మ మూత తీసింది.

"అక్కా, జర ఆగు. తియ్యొద్దన్న గద."

"తియ్యకుంటె ఉడికిందో లేదో ఎట్ల తెలుస్తది? మంట లేకపాయె, చప్పుడు లేకపాయె. లోపట ఉన్నది పప్పో పిల్లిపిల్లో చూడొద్దా?"

ఆమె చూశాక మిగతావాళ్ళు చూడకుండా ఎలా ఉంటారు? బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు కూడా అది తన డ్యూటీ అన్నట్టు మూతెత్తి, వాసన చూసి, దించాడు. ఉండబట్టలేక బిక్షపతి తనే ఒకసారి తీశాడు.

మధ్యాహ్నానికి వచ్చిన అమరేందర్ కారును నిరసనకారులు ఊరి బయటే ఆపేశారు. బిక్షపతి వెళ్ళి నడిపించుకొచ్చి, జనాన్ని జరిపి, దేవుడికి దండం పెట్టుకుని మూత తీశాడు. అన్నం పొడిపొడిగా ఉంది. పప్పు మెత్తగా, పచ్చగా ఉంది. దాని మీద ఎండుమిర్చి, కరివేపాకు, నిగనిగలాడే ఆవాలు.

పొద్దున బిక్షపతి పెట్టింది ఉత్త కందిపప్పు, పోపు కాదు. భార్య యాదలక్ష్మి కోసం చూశాడు. ఆమె ఎన్నడూ లేని శ్రద్ధతో చౌరస్తాలోని ఉద్యమ జెండా వైపు చూస్తోంది.

జన్మలో గరిటె పట్టని అమరేందర్ రెండు ముద్దలు తిని భుజం తట్టాడు. "డీలర్‌షిప్ మీదే. నర్సాపూర్‌లో, శంకరంపేటలో కూడా ఇట్లనే చేసి చూపించండి."

సుమన మేడం దగ్గరికొచ్చి, బిక్షపతికి మాత్రమే వినపడేలా అంది: "ఈ పెట్టెలో ఆవాలు చిటపటమనవు బిక్షపతిగారూ. అంత వేడి నేను ఇవ్వలేకపోయాను."

ఇంతలో దుర్గమ్మ వేళ్ళు నాకుతూ వచ్చింది. "నాకొకటి రాసుకో బిక్షపతీ. పప్పు మస్తుగున్నది."

ఊ అంటే చాలు. డీలర్‌షిప్ నిలుస్తుంది, కొట్టు నిలుస్తుంది. కానీ రేపు పప్పు ఉడక్కపోతే దుర్గమ్మ ల్యాబుకు పోదు, కంపెనీకి పోదు. తన కొట్టు ముందే నిలబడుతుంది.

"అక్కా, గీ పప్పు గీ పెట్టెల అయింది గాదు," అన్నాడు. "అన్నం నిజమే. పప్పు మాత్రం పొయ్యి మీదిది."

నవ్వులు రోడ్డు చివరిదాకా పాకాయి. భుజం తట్టిన అమరేందర్ దూరం జరిగాడు.

"నేనే పోసిన మేడం," అంది యాదలక్ష్మి, తల దించుకుని. "ఆయన కారు కాడికి పోయినప్పుడు చూస్తె పప్పు పలుకు పలుకున్నది. గింతమంది ముందట ఆయన ఇజ్జత్ పోతదని, పొయ్యి మీది గా పెద్ద గంజులకెంచి తీసి మార్చిన."

"సరే, పోపు కూడా ఎందుకు పెట్టావమ్మా?" అంది మేడం.

"గంజుల ఇంక పోపు వెయ్యలే. పోపు లేని పప్పు మీ అసొంటోళ్ళకు ఎట్ల పెడ్తం? గరిటెల ఏంచి పోసిన."

మేడం నవ్వింది. బయల్దేరేముందు, "ల్యాబులో మూత తీసేవాళ్ళు లేరు, జనం తీస్తారని మాకు తెలియలేదు" అంది.

డీలర్‌షిప్ ఎల్దుర్తిలో ఎవరికో పోయింది. బిక్షపతి మళ్ళీ కొట్టులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. యాదలక్ష్మి ఆ వారమంతా పప్పు వండలేదు, అతనూ అడగలేదు.

అలాంటి ఒక పొద్దున దుర్గమ్మ మెట్లెక్కింది.

"పెట్టె తెప్పియ్యి."

"నేను ఏజెంటును గాదక్కా. ఎల్దుర్తికి పోవాలె."

"ఎల్దుర్తోడు నాకేం ఎరుక? పప్పు పెట్టెది గాదని చెప్పినవ్. అన్నం పెట్టెదే అన్నవ్, గది నమ్మిన. ఖరాబయితె మాత్రం నిన్నే అడుగుత."

గడియారం లోపల ఏముంటుందో అతనికి తెలుసు. ఆ పెట్టె లోపలేముందో మాత్రం సరిగా తెలియదు. అయినా ఫోను తీసి సుమన మేడానికి కలిపాడు.

"మేడం, ఒక పెట్టె పంపుండ్రి. దాన్నెట్ల బాగుచెయ్యాల్నో గూడ జర నేర్పుండ్రి. గీడ అడిగేటోళ్ళున్నరు."