అమ్మ కడియాలు, బాపు సిమెంటు

ఆ రోజుల్లో దేవరకొండలో బంగారం ధర గురించి మాట్లాడని మనిషి లేడు, కొన్నవాళ్లే తక్కువ. బియ్యం మొదలుకొని బీడీకట్ట దాకా అన్నీ పెరుగుతుండేవి. మా బాపు బడిపంతులు (పిల్లలకు లెక్కలు చెప్పేవాడు, ఇంట్లో మాత్రం ఎవరి లెక్కా వినేవాడు కాదు). ఆయన దీనికొక సిద్ధాంతం కనిపెట్టాడు. "రూపాయి కరిగిపోతాందిరా, సామాను పెరుగుతాంది. పైసలు దాసుకునేటోడు పిచ్చోడు," అనేవాడు. నా ఇంటర్ కామర్సు పుస్తకంలోనూ దాదాపు అదే ఉండటంతో నాకు బాపు మహా మేధావిలా కనిపించాడు.

మాకు ఊరి చివర జాగా ఉండేది, ఇల్లు లేదు. కిరాయి ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనరు బూబమ్మను అడగాలి. సొంత ఇంట్లో పొయ్యి పెట్టుకోవాలన్నదే అమ్మ కోరిక. ఆస్తి అంటే ఆమె కాళ్లకున్న వెండి కడియాలు. చిన్నప్పుడు అమ్మమ్మ తొడిగినవి. కూలికి పోయి నాట్లేసినప్పుడూ, మమ్మల్ని కన్నప్పుడూ తియ్యలేదట. బాపు కన్ను వాటిమీద పడింది. "గీ వెండి కాళ్లకు పడుండి ఏం సంపాదిస్తాంది? సిమెంటు ధర జూడు, ఎట్ల ఉరుకుతాందో! ఇప్పుడే కొనిపెట్టుకుంటే సగం ఇల్లు కట్టినట్టే," అన్నాడు. అమ్మ వంగి కడియాలను ఒకసారి తడిమింది. "ఇల్లయితదంటే తీస్కపో," అంది. సబ్బు రాసి లాగినా అవి రాలేదు. చివరకు కంసాలి కోసి తీశాడు.

అలా మా ఒంటిగది సిమెంటు గోదాం అయింది. బస్తాల మీద బొంత పరిచి నేనూ చెల్లీ పడుకునేవాళ్లం. పొద్దున లేచేసరికి మా తలలు నెరిసి ఉండేవి (కాలేజీలో నా పేరు 'తాత'). ఇటుక, ఇనుము ధరలు కూడా ఉరుకుతాయన్న సంగతి బాపు సిద్ధాంతంలో లేదు, అందుకే ఇల్లు మొదలే కాలేదు. ఒక మేస్త్రి మంచి ధరకు బస్తాలు అడిగితే, "ఆగు, ఇంక పెరుగుతది," అని పంపేశాడు. బూబమ్మ గుమ్మంలో నిలబడి చెప్పి చూసింది. "పంతులూ, ఇల్లన్న కట్టు, లేకుంటే అమ్మన్న అమ్ము. వానకాలమొస్తాంది, సిమెంటు గడ్డకడ్తది."

"నీకేం ఫికర్ బూబమ్మా, కిరాయి ఇస్తున్న గద!"

మాది వాన కోసం మొక్కే జిల్లా. ఆ ఏడు మాత్రం ముసురు పట్టుకుంటే వదల్లేదు. వానలు వెలిశాక బూబమ్మ తన నీళ్ల తొట్టి పగులు పూడ్చుకోవడానికి గిన్నెడు సిమెంటు అడిగింది. బాపు దర్జాగా బస్తా కుట్టు విప్పి చెయ్యి పెట్టాడు. చెయ్యి దిగలేదు. ఇంకో బస్తా విప్పాడు, అదీ అంతే. సుత్తి తెచ్చి కొడితే ఠంగుమంది. నేనూ చెల్లీ ఆపుకోలేక నవ్వాం. బూబమ్మ నవ్వలేదు. బాపు ముఖం చూశాక మా నవ్వూ ఆగిపోయింది. అమ్మ, "పోనీయ్ తియ్యి, బట్టలుతక బండలన్న అయినయి," అని చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంది. ఆ తర్వాత ఎప్పుడూ చీర మడమలు దాటి పైకి కట్టలేదు.

ఆమె ఉండగా ఇల్లు కాలేదు. పోయిన రోజు స్నానం చేయించిన ఆడవాళ్లలో ఒకామె, "అయ్యో, కడియాల జాగ ఇంక తెల్లగనే ఉన్నది," అంది. బయట కూర్చున్న బాపుకు వినబడింది. ఆయన అంత గట్టిగా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఇప్పుడు అదే జాగాలో నేను ఇల్లు కడుతున్నాను. "సార్, ఒక్కసారే లోడు దింపియ్యిండ్రి, రేపు ధర పెరుగుతది," అంటాడు మేస్త్రి. నేను వినను. ఏ రోజు సిమెంటు ఆ రోజే. ఆటో కిరాయి దండగని మా ఆవిడ గొణుగుతుంది, మేస్త్రి చాటుగా నవ్వుకుంటాడు. నవ్వుకోనీ. ఆటో రాగానే ఈ నెరిసిన తలతో (ఈసారి సిమెంటుది కాదు) నేనే ముందు వెళ్లి బస్తాను వేలితో నొక్కి చూస్తాను. వేలు మెత్తగా దిగిందంటే పిచ్చి సంతోషం. అమ్మను పిలిచి చూపించాలనిపిస్తుంది.