గట్టు మీద చంటివాడు

ఈ ఉదయం మా మనవడి భార్య మూకుడులో చోడిపిండి, అదే రాగిపిండి, వేయిస్తోంది. ఆ కమ్మటి వాసన ముందుగదిలోకి రాగానే మా సూరమ్మ వదిన గుర్తొచ్చింది. మా ఆయనకు పెద్దక్క. భర్త పోయాక నరసన్నపేట పక్కనే ఉన్న మా ఊరికి, పుట్టింటికి వచ్చేసింది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నాకు అక్క లేని లోటు తీర్చావంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "అక్కనేటే? ఆడబిడ్డని. కాస్త బయపడు" అనేది.

అరవైల చివర్లో మాట. మా పెద్దవాడికి పదో నెల. వానలు పడి ఊడుపులు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి. పొద్దున్నే పొలానికి వెళ్తే నేను మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమే. వదిన కూలీలకు అంబలి కాచి మధ్యాహ్నం మోసుకొచ్చేది. పిల్లాడు అత్తగారి దగ్గర ఉండేవాడు. అన్నప్రాశన నాడు వాడికి పరమాన్నం నాకించారు గాని, ఆ తర్వాత మెతుకు పెడితే పొట్ట ముందుకొస్తుందని అత్తగారి భయం. పగలంతా పలుచటి గంజే పట్టేది. ఇక రాత్రయితే వాడు నన్ను వదిలేవాడు కాదు. నాకు కునుకు పట్టేలోపే లేచి కూర్చునేవాడు. నిద్ర చాలక ఒకరోజు నారుకట్టతో సహా బురదలో కూలబడ్డాను. ఆ సంగతి విని అత్తగారు తీర్పు చెప్పేసింది.

"పాలు మాన్పించీ. శనివారం రొమ్ముకి వేపాకు పసరు రాసేద్దాం. రెండ్రోజులు ఏడుస్తాడు, మరి జోలికి రాడు."

పొద్దుట లేచింది మొదలు అందరి పనీ చేసేదాన్ని. వాడికి పాలివ్వడం ఒక్కటే నాది. అది కూడా పోతుందంటే ఏడుపొచ్చింది. కానీ అత్తగారి ముందు నోరెత్తే రోజులా అవి!

శనివారం ఆవిడ పసరు గిన్నెతో రానే వచ్చింది. వదిన గడపకు అడ్డంగా కూర్చుంది.

"ముందు నువ్వు నాకి చూడు, అమా. తియ్యగుంటే ఆడికి రాద్దాం."

"నాకేటి తెల్దేటే? నీకూ ఇలాగే రాసేను."

"రాసేవు. అందుకే నీ మీద ఇప్పటికీ కోపం నాకు."

అత్తగారికి పౌరుషం ఎక్కువ. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముఖమంతా ముడుచుకుపోయింది. నా ఒళ్లో పిల్లాడు అదేదో ఆటనుకుని పకపకా నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు.

"పగలు పాలూ లేవు, తిండీ లేదు గుంటడికి. రేత్రి కాకపోతే ఇంకెప్పుడు తాగుతాడు? ఊడుపులయ్యేదాకా ఆణ్ని నాకొదిలీ. అప్పటికీ మారకపోతే పసరు నానే రాస్తాను."

పందెం వదినదే గాని ఓడితే పోయేవి నా పాలు.

మర్నాటి మధ్యాహ్నం వదిన నెత్తిన అంబలి కుండతో, చంకన పిల్లాడితో గట్టు మీద ప్రత్యక్షమైంది. నాట్లలో ఎవరి మునుం వాళ్లదే. ఒకరు మధ్యలో లేస్తే ఆ వరుస వెనకబడిపోతుంది. నేను కదల్లేక నిలబడ్డాను.

"ఒలమ్మ, దొరగారు బోజనానికొచ్చేరు!" అని ఆడవాళ్లు నవ్వారు.

"దొరే మరి. దండం పెట్టండి" అని వదిన చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. నా చేతిలో నారు లాక్కుంది. "నీ మునుం నాను పడతాను. కాలవలో సేతులు కడుక్కుని గట్టెక్కు."

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మధ్యాహ్నం గట్టు మీద పాలు. సాయంత్రం నేను రాగానే పాలు, ఆ తర్వాత నెయ్యి వేసి మెత్తగా మెదిపిన పప్పన్నం. పగలు బెల్లం వేసిన చిక్కటి చోడిజావ. మొదట్లో వాడు వదిన ముఖం మీదే ఉమ్మేవాడు. "ఉమ్మనీ. రుసి తెలవాలి కదా ఆడికి" అని తుడుచుకునేది. అత్తగారు పొద్దున్నే వచ్చి వాడి పొట్ట తడిమి చూసేది. అది ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు.

తెల్లవార్లూ నిద్రపోయాడని చెబితే అబద్ధం. ఒకటి రెండుసార్లు లేచేవాడు, తాగేవాడు, అటు తిరిగి పడుకునేవాడు. నాకు అదే పెద్ద పండగ. కాళ్లలో బలం వచ్చింది, నోట్లోకి పాట కూడా వచ్చింది.

ఊడుపులు ముగిసే రోజున గట్టు మీద కుండ మోస్తూ వదిన కనిపించింది. చంకలో పిల్లాడు లేడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆమె వెనకాల, కాళ్లు జారకుండా ఆచితూచి అడుగులు వేస్తూ మా అత్తగారు. చంకన మావాడు.

"ఒసే కోడలా, ఏటి సూస్తన్నావు? గుంటడికి ఆకలేస్తన్నాది. రా!" అని పొలమంతా వినబడేలా కేకేసింది. వాణ్ని నా చేతికిచ్చి, ఎన్నో ఏళ్లుగా బురద తొక్కని మనిషి కుచ్చిళ్లు దోపుకుని నా వరుసలో దిగింది. వదిన కుండ దించి, నడుము మీద చేతులు వేసుకుని, గెలిచిన పహిల్వానులా మా ఇద్దరినీ చూసింది. నేను ఏడుస్తూ నవ్వాను. వాడు రెండేళ్లు నిండేదాకా తాగాడు.

వదిన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా మనవడి భార్య పాలివ్వడానికి తన చంటివాణ్ని ఒళ్లోకి తీసుకుంటే, పొయ్యి మీద ఏమున్నా, బకెట్లో ఏమున్నా, ఆమె అడగక ముందే లేచి ఆ పని నేను అందుకుంటాను.