ముప్పై తొమ్మిదో గీత

ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. బుర్రసంచికి కూడా ఎక్కడో చిల్లు పడిందని బడికి వెళ్లాకే తెలిసింది. ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, బోర్డు ముందు ఏడో ఎక్కం సగంలో ఆగిపోయాను. మిగతాది పిల్లలే అందించారు.

"హార్మోన్లు ఒక్కసారిగా పోయాయి కదా, మెదడు కొత్త దారులు వేసుకోవాలి. టైం పడుతుంది," అంది కర్నూలు డాక్టరమ్మ. ఎంత టైమో చెప్పలేదు. బడివాళ్లు రెండు నెలలు సెలవిచ్చారు.

మా అత్త మాత్రం ఖచ్చితంగా చెప్పింది. నలభై రోజులు పరగడుపున సరస్వతి ఆకు రసం. చింతపండు, వంకాయ, మిరపకాయ ముట్టకూడదు, గడప దాటకూడదు. అసలు షరతు చివర్లో చెప్పింది: "ఒక్క దినం తప్పితివా, మళ్లా మొదటి నుంచే!"

మతిమరుపు మందును మరిచిపోకుండా తాగాలట. నాలుగో రోజు మరిచాను, పదకొండో రోజు మరిచాను. వంటింటి తలుపు వెనక రోజుకొకటిగా గీసిన సుద్దగీతలను అత్త రెండుసార్లూ తుడిచేసింది. ఎదురుగా బండి మీద వేగే మిరపకాయ బజ్జీల వాసన ఏ పత్యమూ లేకుండా కిటికీ ఊచల్లోంచి లోపలికొచ్చేది. నాకే బయటికి దారి లేదు.

మూడో విడత ముప్పై తొమ్మిదో రోజు శనివారం. సోమవారం బడి. అత్త ఆకు కడిగి రోటి పక్కన పెట్టి, పొద్దున్నే ఒంటిమిట్ట రాములవారి గుడికి వెళ్లింది. మధ్యాహ్నం చూస్తే ఆకు వాడిపోయి ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేసి, తలుపు వెనక గీత గీసేశాను.

సాయంత్రం అత్త వచ్చింది. "మందు తాగినావామ్మా?"

"ఊఁ."

గీతలు చూసి మురిసిపోతూ నా నెత్తిన అక్షింతలు వేసింది. సోమవారం ఎక్కం మళ్లీ ఆగితే తప్పు మందుదో నాదో ఈ జన్మకి తేలదనిపించింది. పత్యం కన్నా సత్యం కష్టం.

"ల్యాదత్తా. ఆకు వాడినాక మతికొచ్చె."

"మరిసినానని నీకే మతికొచ్చెనా?" అత్త మొహం వెలిగిపోయింది. "సూడు, మందు పనిచేస్తాండాది!"

అంటూనే తడిగుడ్డ అందుకుంది. ఆమె చెయ్యి పోయేకొద్దీ గీతల్ని ఏడేసి చొప్పున లెక్కపెట్టాను. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై ఐదు, పైన నాలుగు. ఎక్కడా ఆగలేదు.

ఆ సంగతి అత్తకి చెప్పలేదు. చెబితే మందు మీద ఆమె నమ్మకం ఇంకో నలభై రోజులు పెరుగుతుంది. ఎలాగూ రేపు మళ్లీ మొదటి గీతే కాబట్టి, సెలవు పొడిగించమని చీటీ రాయడానికి కాగితం వెతుక్కున్నాను.