జగ్గయ్యగారి తాడు దింపు

జగ్గయ్యగారికి అనుమానం. ఎవరిమీద అని అడగకండి. అడిగితే మీమీదే.

ఐనవిల్లి వినాయకుడికి కొట్టే కొబ్బరికాయమీద కూడా ముందే సున్నంతో గీత గీసి ఇస్తారు. తిరిగొచ్చిన చిప్పమీద ఆ గీత వెతుక్కుని, "ఆయ్, మనదే" అన్నాకే కళ్ళకద్దుకుంటారు. రాజోల్లో అమలాపురం బస్సెక్కితే, అది అమలాపురమే వెళ్తుందా అని కండక్టర్నీ పక్కవాళ్ళనీ అడుగుతారు. దిగాక, వచ్చింది అమలాపురమేనా అని ఇంకొకర్ని అడుగుతారు.

అలాంటి మావగారితో నెగ్గుకొస్తున్న కోడలు సత్యశ్రీ. భర్తకి మస్కట్‌లో ఉద్యోగం. కూతురు జోషితకి నాలుగేళ్ళు నిండబోతున్నాయి. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరుతుంది. ఇసకలో కాలు పెట్టదు. తల దువ్వబోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. మాటలు నాలుగైదుకి మించి లేవు. పిల్లల డాక్టరు చూసి, అమలాపురంలో ఒక థెరపీ సెంటరుకి పంపించారు. తోడుగా జగ్గయ్యగారు బయల్దేరారు. వద్దంటే ఊరుకుంటారా!

అక్కడి థెరపిస్టు కుమారిగారు నెమ్మదిగా చెప్పింది. "చెవి, చర్మం, కాళ్ళు పంపే కబుర్లన్నీ మెదడు సర్దుకోవాలండీ. పాపకి కొన్ని మరీ గట్టిగా తగులుతున్నాయి. ఆటల్లో పెట్టి కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాం. బలవంతం మాత్రం చెయ్యమండీ."

జగ్గయ్యగారు గదంతా కలయజూశారు. గుడ్డ ఉయ్యాల, మెత్తటి బ్రష్షు, బియ్యం పోసిన టబ్బు.

"ఉయ్యాలూగడానికి అమలాపురం రావాలాండీ?"

"ఎంత ఊపాలో పాపని చూసి ఊపుతామండీ. వద్దంటే ఆపేస్తాం."

"మరి ఈ బియ్యమో?"

"చేతులు పెట్టి ఆడుకోడానికండీ."

ఆయన గుప్పెడు తీసి వాసన చూశారు. "ఇంత మంచి బియ్యం ఆటకి పోసేరంటే ఇందులో ఏదో ఉంది." బ్రష్షుతో తన చెయ్యే రుద్దుకున్నారు. అంతటితో ఆగక ఉయ్యాలెక్కి కూర్చున్నారు. రెండు ఊపులకే, "మందేదో పెట్టేసేరు!" అని కేకేశారు.

"కళ్ళు తిరిగేయండి, అంతే" అంది కుమారిగారు నవ్వాపుకుంటూ.

తిరుగు బస్సులో తీర్పు చెప్పేశారు. "దింపు దాకా చూస్తానమ్మాయ్. అప్పటికీ మార్పు లేకపోతే మానిపించేస్తాను."

సత్యశ్రీ వేళ్ళమీద లెక్కేసుకుంది. చెట్లమీంచి కాయలు దించే కొబ్బరి దింపుకి నెలన్నర కూడా లేదు. ఆ ఇంట్లో ఆయన కాదంటే ఇంక అంతే.

వారాలు గడుస్తున్నాయి. సెంటర్లో జోషిత బియ్యంలో రెండు చేతులూ పెట్టసాగింది. ఆ సంగతి చెప్తే ఆయన "ఊఁ" అనేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక మనవరాల్ని తోటలో కొట్టం వెనక్కి తీసుకెళ్ళేవారు. ఎందుకంటే చెప్పరు. కుమారిగారిమీద ఏదో సాక్ష్యం పోగేస్తున్నారని సత్యశ్రీకి అనుమానం పట్టుకుంది. ఆ ఇంటి గాలి అలాంటిది మరి.

దింపు రోజు వచ్చింది. చెట్లెక్కే వీరబాబు మండిపడుతూ పెరట్లోకి వచ్చాడు.

"మీ మావగారి వరస చూడండమ్మా! గెలలు కింద పడెయ్యొద్దంట. ఒక్కో గెలకీ తాడు కట్టి దింపాలంట. నేను కాయలెత్తుకుపోతానని అనుమానమాండీ? ఇరవయ్యేళ్ళనుంచి ఎక్కుతున్నానండీ!"

సత్యశ్రీకి తల కొట్టేసినట్టయింది. ఇవాళ అడిగెయ్యాల్సిందేనని కొట్టం వెనక్కి నడిచింది. వీరబాబూ వెంట వచ్చాడు.

అక్కడ జగ్గయ్యగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎదురుగా జోషిత, ఒలిచిన కొబ్బరికాయ రెండు చేతుల్తో పట్టుకుని. పక్కనే కొబ్బరిపొట్టు కుప్ప.

"ఇన్నాళ్ళూ పొట్టుమీద వేసేవు కదమ్మా. ఇవాళ నేలమీద. చప్పుడొస్తాది. నీకిష్టమైతేనే. వద్దంటే మానేద్దాం."

"ఏంటిది మావయ్యగారూ?"

ఆయన దొంగలా దొరికిపోయారు. "కొంచెం కొంచెంగా అన్నారు కదా ఆవిడ. నిజమో కాదో చూడొద్దా? నెల్రోజులై చూస్తున్నాను. ఇంతలో అటు గెలలన్నీ దబదబా పడితే పిల్ల హడలిపోదూ? మొత్తం మొదటికొచ్చెయ్యదూ?"

"ఆ మాట వీరబాబుకి చెప్పొచ్చు కదండీ!"

"చెప్తే కుమారిగారిని నేను నమ్మేసేనని ఊరంతా టముకేస్తాడు. నా పరువేం కావాలి?"

సత్యశ్రీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఈయన్నా నేను అనుమానించింది అని సిగ్గుపడింది కూడా.

అప్పుడు జోషిత కాయ వదిలేసింది. దబ్బుమంది. చేతులు చెవులవైపు లేచి మధ్యలో ఆగాయి. తాతకేసి చూసింది.

"మళ్ళీ" అంది.

ఆ మాట అంతకుముందెప్పుడూ అనలేదు. జగ్గయ్యగారు గిరుక్కున కోడలివైపు తిరిగారు.

"అమ్మాయ్, ఏమంది?"

"మళ్ళీ అందండీ!"

"నువ్వన్నావేమో."

"నేను కాదండీ బాబూ!"

"వీరబాబూ, నువ్వా?"

"నేనెందుకంటానండీ!"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నారు. "అయితే శుక్రవారం సెంటరుకెళ్ళేప్పుడు వీణ్ణి కూడా సాక్ష్యానికి అమలాపురం పట్టుకెళ్దాం. మనిద్దరమే చెప్తే కుమారిగారు నమ్మొద్దూ?"

"నాకూ అనుమానంగానే ఉంది మావయ్యగారూ. ఇంకో కాయివ్వండి" అంది సత్యశ్రీ.

ఆయన కాయ వెతికేలోపే జోషిత పడ్డకాయనే మళ్ళీ రెండు చేతుల్తో పైకెత్తేసింది.