గేటు దగ్గర అడిగిన పేరు

గోదావరిఖని శివార్లలోని ఆ అడవిని ఎవరు పొగిడినా నాకు ఒళ్లు మండుతుంది. మూసేసిన బొగ్గు గనుల మట్టిగుట్టల మీద చెట్లు పెంచారు, గోతుల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. అంతవరకు బాగానే ఉంది. టికెట్టు చింపిచ్చిన కాపలాదారు మాత్రం ఫోన్లోంచి తలెత్తలేదు. గుంటూరు నుంచి వచ్చాను, చెరువులు ఎటువైపని రెండుసార్లు అడిగినా పలకలేదు.

పక్కన బెంచీ మీదున్న ముసలాయన మాత్రం, "పేరేంది బిడ్డా?" అన్నాడు. ఊరుగాని ఊళ్లో పేరు అడిగేవాణ్ణి నేను నమ్మను. సుబ్బారావని నోటికొచ్చింది చెప్పాను.

రెండో చెరువు దాటాక దారి తప్పాను. పొద్దు వాలింది. ఎవరో "సుబ్బారావూ" అని కేకలేస్తున్నారు. తమవాణ్ణి వెతుక్కుంటున్నారనుకుని ఊరుకున్నాను. ఆ కేక అరగంట చెట్ల మధ్య తిరిగింది. చివరికి ముసలాయన రొప్పుతూ ఎదురొచ్చాడు.

"పిలుస్తుంటే పలుకవేంది?"

సుబ్బారావంటే నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

"మీరెందుకొచ్చారు?"

"గేటుకాడోడు లోపల ఎవలు లేరని తాళమేసిండు. కొట్లాడి తీయించిన. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన. దిగినోళ్ల పేర్లు యాదికుంచుకుంటం. అందరు పైకెక్కినంకనే ఇంటికి పోతం."

గేటు దగ్గర కాపలాదారు, ఆలస్యం చేశానని నన్నే విసుక్కున్నాడు. వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. ముసలాయన నా భుజం తట్టి, "పైలంగ ఇంటికి పో, సుబ్బారావు" అన్నాడు.

అసలు పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు.