ఇసుకలో ఊరిన కంద

కన్యాకుమారి పుట్టిల్లు మెళియాపుట్టి వైపు, కొండ కింది ఊరు. మేనమామ కొడుకు పైడిరాజును కట్టుకుని నౌపడ దగ్గరి పల్లెకు కాపురానికొచ్చినప్పుడు, సారెతోపాటు ఒక గోనెసంచి కూడా తెచ్చుకుంది. అందులో కంద పిలకలు, కర్రపెండలం కాడలు, చిలగడదుంప తీగలు ఉన్నాయి. కొండ కింద ఎర్రమట్టిలో పెరిగిన పిల్లకు ఇక్కడి ఇసుక నేల, ఉప్పుగాలి చూస్తే మొదట బెంగ పుట్టింది. ఆ ఏడు వేసిన పిలకలు సగం కుళ్ళిపోయాయి. అయినా ఆమె ఊరుకోలేదు. పేడ, పొయ్యి బూడిద, ఎండుటాకులు, భావనపాడులో చేపలు కోసేచోట పారేసే తలలు, పొలుసులు అన్నీ తెచ్చి పెరట్లో పూడ్చింది. నాలుగైదేళ్ళకు ఆ ఇసుక నల్లబడింది.

పైడిరాజుకు ఇదంతా నచ్చేది కాదు. అతనిది కూరగాయల వ్యాపారం. తెల్లారకముందే డీజిల్ ఆటో వేసుకుని టెక్కలి వెళ్ళి, ఎక్కడెక్కడినుంచో లారీల మీద వచ్చిన వంకాయలు, క్యాబేజీ, బంగాళాదుంపలు ఎత్తుకొచ్చి ఊరూరా అమ్మేవాడు.

"మన పెరట్లోనే అన్నీ పండించీసుకుంతే, ఇంక నా బండి కూరలెవులు కొంతారే?" అని విసుక్కునేవాడు.

"నీ కూరలు నువ్వు అమ్ముకో మావా, నా దుంపల జోలికి రాకు" అనేది ఆమె.

పక్కింట్లో ఉండే అతని అక్క దాలమ్మ ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివింది. తన పెరడంతా సిమెంటు చేయించి, "పెరడంతే ఇలగుండాల. సీపురేస్తే సాలు, మట్టి నేదు, పురుగు నేదు" అని మరదలికి వినబడేలా అనేది.

ఇలా ఉండగా ఒక ఏడు దసరాల మొదట్లో తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి ఊళ్ళో కొబ్బరిచెట్లు చాలావరకు నేలమీదున్నాయి. కరెంటు స్తంభాలు వంగిపోయాయి. టెక్కలి దారి పొడవునా చెట్లు పడి రాకపోకలు ఆగిపోయాయి. పైడిరాజు ఆటోకు గీత కూడా పడలేదు గానీ, అందులో డీజిల్ లేదు, బంకులో లేదు, ఉన్నా వెళ్ళడానికి దారి లేదు. ప్రతి ఇంట్లో కాసిన్ని బియ్యం ఉన్నాయి. కూర మాత్రం ఎవరింట్లోనూ లేదు. ఊరంతా గంజీ ఉప్పుతో సరిపెట్టుకుంది.

కన్యాకుమారి పెరట్లోకి వెళ్ళి కూలబడిపోయింది. బొప్పాయి విరిగింది. చిక్కుడు పందిరి ఎటు పోయిందో తెలియదు. కంద కాడలన్నీ తొక్కేసినట్టు పడి ఉన్నాయి. ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క గాలికి పోయిందనుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఏమీ తోచక గునపం తెచ్చి ఒక కంద మొదట్లో తవ్వింది. లోపల దుంప చెక్కుచెదరకుండా ఉంది. ఇంకా పూర్తిగా ఊరలేదు, అయినా రెండు చేతులకూ నిండుగా వచ్చింది. పక్కన తవ్వితే కర్రపెండలం, చిలగడదుంపలు. గాలి పైన ఉన్నదంతా పట్టుకుపోయింది గానీ, మట్టిలోదాన్ని ముట్టుకోలేకపోయింది.

ఆమె దుంపలు కుప్ప పోస్తుంటే పైడిరాజు వచ్చి చూశాడు.

"ఇయి మనకి సానాకాలం వస్తాయి" అన్నాడు మెల్లగా.

"ఊరు గంజి తాగుతంతే మనం తలుపేసుకుని తింతామా మావా?"

"అందరికీ పెట్టీస్తే మనకేటి మిగుల్తాది?"

ఆమెకూ ఆ భయం లేకపోలేదు. కాసేపు ఆలోచించి, వచ్చే ఏటి విత్తనానికి పిలకలు మాత్రం విడిగా తీసి ఇసుకలో కప్పింది. మిగిలినవి చింతపండు పులుసు పోసి పెద్ద డేగిసాలో వండింది. పడిపోయిన కొబ్బరి మట్టలే వంటచెరకు. వాసనకు ఊరంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. దాలమ్మ రాలేదు. కన్యాకుమారే పులుసు గిన్నె పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టింది.

"నా మీద కోపం నేదేటే?" అంది దాలమ్మ, తలెత్తకుండా.

"ఉన్నాది ఒదినా. ముందు తిను, తరవాత తిట్టుకుందాం."

దాలమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

దారులు బాగుపడ్డాక, తర్వాతి వేసవిలో ఊళ్ళో ఆడవాళ్ళంతా పిలకల కోసం వచ్చారు. దాలమ్మ వచ్చింది గానీ, ఆమెకు నాటడానికి నేల లేదు. ఇంటికెళ్ళి తమ్ముణ్ణి పిలిచి గునపం చేతికిచ్చి, "తియ్రా ఈ సిమెంటు" అంది. పైడిరాజు చెమటలు కక్కుతూ పెచ్చులు లేపుతుంటే, మోజుపడి చేయించుకున్న గచ్చును చూస్తూ ఆమె ఒక్కసారి నిట్టూర్చింది, అంతే.

ఇప్పుడు ఆ ఊళ్ళో పెరడున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కాస్తోంది. పొలం దున్నడానికి ట్రాక్టరు, దానికి డీజిలు ఎలాగూ తప్పలేదు. పైడిరాజు ఆటో మాత్రం వారానికొకసారి కదిలితే గొప్ప. మిగతా రోజుల్లో ఊరి పెరళ్ళలో మిగిలిన కూరలు సైకిల్ మీద వేసుకుని నౌపడ, భావనపాడు తిరుగుతాడు. భావనపాడులో కర్రపెండలమిచ్చి చేపలు తెచ్చుకుంటాడు.

మొన్న అతను మోకాలు పట్టుకుని అరుగుమీద కూర్చుంటే, "రేపట్నుంచి నాను ఎల్తాను" అంది కన్యాకుమారి.

"నీకు సైకిలొచ్చేటి?"

"నేర్సుకుంతే రాదేటి?"

మర్నాడు పొద్దున్నే ఉప్పుమళ్ళ గట్టుమీద, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సైకిలెక్కింది. వెనక దాలమ్మ సీటు పట్టుకుని పరుగెడుతూ, "ముందుకి సూడే, కిందకి సూడకు" అని రొప్పుతోంది. ఉప్పు ఎగదీస్తున్న కూలీలు పారలు ఆపి చూస్తున్నారు. కాస్త దూరం పోయాక దాలమ్మ చెయ్యి వదిలేసింది. సైకిలు అటూ ఇటూ ఊగింది, పడలేదు.