పున్నమ్మ కాలు పెట్టని నావ

చేపల గంప కంపు కొడుతోంది, దిగిపొమ్మని గుడివాడ బస్సులో కండక్టరు కేకలేసినా పున్నమ్మ కదల్లేదు. "ఆదివారం పులుసు జుర్రుకునేటప్పుడు ఆ ముక్కు గూట్లో పెట్టొస్తావా నాయనా?" అంది. బస్సంతా గొల్లుమంది. మాడిన అట్టులాంటి మొహంతో ఆ కండక్టరే గంప సర్ది చోటిచ్చాడు. పక్కన కూర్చున్న నేస్తం అప్పాయమ్మ ఆ ముచ్చట ఇప్పటికీ చెబుతుంది.

అంత నోరున్న మనిషీ మొగుడి నావ దగ్గర మాత్రం మూగనోమే. ఆడదాని కాలు పడితే నావకు చేటని నాంచారయ్య అనేవాడు. అందుకని నావ ముందు కొసకు పసుపు రాసి, ఒడ్డునే నిలబడిపోయేది. అతను పోయాక గిలకలదిండి రేవు ఇసుకలో పడున్న ఆ నావను, గుడివాడలో కొత్తగా పెట్టిన పాత బండ్లూ పడవల మ్యూజియం వాళ్లు పట్టుకెళ్లారు.

మొన్న ఆదివారం అక్కడ పిల్లాపెద్దలకు ఆటలు పెట్టారంటే, పున్నమ్మ మనవరాలు లక్ష్మీదుర్గ ముసలమ్మలిద్దరినీ తీసుకెళ్లింది. పాత బస్సులూ రైలింజనూ దాటి చూస్తే, నావ నిండా ఆడపిల్లలే! తెడ్లు పట్టుకుని "హైలెస్సా" అంటున్నారు. చూస్తుండగానే లక్ష్మీదుర్గా ఎక్కేసింది.

"ఓసి నీ దుంపతెగ! దిగవే, అపచారం!" అని అప్పాయమ్మ అరిచింది.

పున్నమ్మ ముందుకెళ్లి నావ మీద చెయ్యేసింది. పిల్లలు గెంతుతున్నారు, నావ చెక్కుచెదరలేదు.

"ఏమీ అవలేదే అప్పాయమ్మా! ఇన్నేళ్లూ ఒడ్డునే నిలబెట్టాడే నన్ను!"

చెప్పులు విడిచి అప్పాయమ్మ చేతిలో పెట్టింది.

"ఇవి పట్టుకుని, వెనకనించి కాస్త ఎత్తవే. నేనూ ఎక్కుతా."